అంగవైకల్యం గల పెంపుడు పక్షికి ముందు కావలసినది మందా? ఇల్లా?

"మా ఇంట్లో పెంచుకొనే పక్షికి కాళ్ళు వంకర. ఏ తైలం పూయాలి?" గృహవైద్యంలో కొంత పరిచయం ఉన్నవారిని అప్పుడప్పుడు ఇటువంటి ప్రశ్న అడుగుతూ ఉంటారు. పిల్లల జలుబుకూ, పెద్దల మోకాళ్ళ నొప్పులకూ పోపులపెట్టెలోని దినుసులతో ఉపశమనం పొందిన కుటుంబాలు, పక్షికి కూడ అటువంటి చిట్కానే ఆశించడం సహజం. ఆశించడంలో తప్పు లేదు. కాని ఆ ప్రశ్నలోనే ఒక పొరపాటు దాగి ఉన్నది. వంకర కాళ్ళతో పెరిగి పెద్దదైన పక్షికి ఏ తైలమూ కాలిని సరిచేయదు. ఆ కాళ్ళతోనే అది తినడానికి, త్రాగడానికి, నిశ్చింతగా నిద్రించడానికి వీలైన నివాసాన్ని అమర్చడమే మనం చేయగల మొదటి చికిత్స. ఈ మాట నేను గ్రంథాలు చదివి నేర్చుకొన్నది కాదు. ఒక చిన్న ప్రాణాన్ని పోగొట్టుకొని నేర్చుకొన్నది.

నేను చేసిన అపరాధం

కొన్ని సంవత్సరాల క్రితం మా ప్రక్కింటివారు బదిలీపై వెళ్ళిపోతూ ఒక పక్షిని మాకు అప్పగించారు. మనవారందరూ "లవ్ బర్డ్స్" అని పిలిచే పక్షులలో అధికభాగం నిజానికి బడ్జెరిగార్లు. ఇవి ఆస్ట్రేలియా దేశపు చిన్న చిలుకలు. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకొని వెళ్ళిన తరువాత ప్రపంచమంతటా పంజరాలలోనికి చేరాయి. పెరిగిన పక్షి బరువు 30 నుండి 40 గ్రాములు మాత్రమే.

మాకు వచ్చిన పక్షికి రెండు కాళ్ళూ చెరొక ప్రక్కకు చాపుకొనిపోయి ఉండేవి. కొమ్మను పట్టుకొనలేక, పొట్ట నేలకు ఆనించి ఈదినట్లుగా ముందుకు జరిగేది. అయినా ముక్కుతో పంజరపు ఊచలను పట్టుకొని పైకి లాగుకొంటూ, ఉదయం వేళ పిచ్చుకల అరుపు వినబడగానే తానూ బదులు పలికేది. దాని స్థితి చూడలేక, గోరువెచ్చని ఆముదంలో పసుపు కలిపి రోజుకు రెండుసార్లు కాళ్ళకు మర్దన చేశాను. అవి మార్గశిర మాసపు చలి రోజులు. నూనె కాళ్ళతో ఆగక పొట్టమీది ఈకలకు అంటింది. పక్షి ముక్కుతో ఈకలు దువ్వుకొంటూ ఆ నూనెను రెక్కలకూ పులుముకొన్నది, కొంత మ్రింగింది కూడ. మూడవనాటి తెల్లవారుజామున పంజరం మూలలో కదలకుండా పడి ఉన్నది.

పశువైద్యుడు చూసి చెప్పిన తరువాతగాని నాకు విషయం బోధపడలేదు. పక్షి దేహపు ఉష్ణోగ్రత సుమారు 40 నుండి 42 డిగ్రీలు. ఆ వేడి నిలిచేది ఈకల మధ్య చిక్కుకొని ఉండే గాలి పొర వలన. నూనె తగిలితే ఈకలు అతుక్కొనిపోయి ఆ గాలి పొర నశిస్తుంది. అప్పుడు పిడికెడు కూడ లేని ఆ దేహం చలిని తట్టుకొనలేదు. మా పక్షి వంకర కాళ్ళ వలన చనిపోలేదు. ఆ కాళ్ళతో అది ఎన్నో నెలలు జీవించి ఉన్నది. అది చనిపోయింది నా వైద్యం వలన.

నాలుగు పాదాలలో ఒక పాదం లేని చికిత్స

చికిత్సకు నాలుగు పాదాలు ఉండవలెనని చరక సంహిత చెబుతుంది. అవి వైద్యుడు, ద్రవ్యం, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణాలలో తన బాధను తాను తెలియజెప్పగలగడం ఒకటి. పక్షి తన బాధను చెప్పదు. చెప్పకపోవడమే కాదు, దాచుకొంటుంది. నీరసంగా కనబడిన పక్షి శత్రువు కంటబడుతుంది కనుక, చివరి గడియ వరకు ఆరోగ్యంగా ఉన్నట్లే కనబడడం దాని స్వభావం. కనుక పక్షి విషయంలో నాలుగవ పాదం కుంటిదే. ఆ భారం కూడ పరిచారకుడే మోయవలసి ఉంటుంది. పరిచారకునికి శాస్త్రం విధించిన గుణాలు నాలుగు: ఉపచారం తెలిసి ఉండడం, నేర్పు, అనురాగం, శుభ్రత. అనురాగం నాకు ఉన్నది. తక్కిన మూడింటిని దానికి జతచేయకపోవడమే నా లోపం.

మన పూర్వులు జంతువుల వైద్యాన్ని మనుష్యవైద్యానికి నకలుగా భావించలేదు. ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదం, గుర్రాలకు శాలిహోత్రుని శాస్త్రం, వేట డేగల పోషణకు రుద్రదేవుని శ్యైనిక శాస్త్రం వేర్వేరుగా వెలసినవి. ఏ ప్రాణి ప్రకృతి దానిది అని దీని భావం. 60 కిలోల మనిషికీ, 35 గ్రాముల పక్షికీ బరువులో సుమారు 1700 రెట్ల తేడా ఉన్నది. మనకు చిటికెడు అనిపించే చూర్ణం పక్షికి ఎంత మోతాదో ఊహించవచ్చును. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు, కాఫీ, చాక్లెట్, అవకాడో పండు పక్షులకు హానికరాలు. మన వంటింటి ఔషధాలలో వెల్లుల్లికి ఉన్న గౌరవం పక్షి పంజరంలో చెల్లదు.

మరి ఆయుర్వేదం ఈ సందర్భంలో నిరుపయోగమా? కాదు. నిదాన పరివర్జనం, అనగా వ్యాధికి కారణమైన దానిని తొలగించడం, చికిత్సలో మొదటి మెట్టు. ఆహారం, విహారం సరిదిద్దిన తరువాతనే ఔషధం. పక్షికి వర్తింపజేయవలసినది ఈ సూత్రం, మన సీసాలోని తైలం కాదు.

వైకల్యం ఎక్కడ నుండి వచ్చినది?

పిల్ల దశలో కాళ్ళు ప్రక్కకు చాపుకొనిపోవడానికి ముఖ్య కారణాలు రెండు. తల్లిపక్షికి సున్నపుధాతువు చాలకపోవడం ఒకటి. గూడు అడుగు నున్నని చెక్కగా ఉండి పిల్ల కాళ్ళు జారిపోవడం రెండవది. ఎముకలు లేతగా ఉన్న మొదటి వారాలలో పశువైద్యుడు మెత్తని కట్టుతో కాళ్ళను దగ్గరకు చేర్చి సరిచేయగలడు. ఆ సమయం దాటితే ఎముక గట్టిపడి కాలు అలాగే నిలిచిపోతుంది. కనుక పిల్లకు ఈ లోపం కనబడిన రోజుననే వైద్యునికి చూపవలెను. "కొంచెం పెరగనిద్దాం" అన్న ఆలస్యం జీవితకాలపు వైకల్యంగా మారుతుంది.

పెద్ద పక్షులకు అరికాలిలో వాపు, పుండు రావడం మరొక సామాన్య బాధ. ఒకే లావు గల నున్నని ప్లాస్టిక్ కర్రపై రాత్రింబవళ్ళు నిలబడడం, కేవలం గింజలే తినడం వలన ఎ విటమిన్ లోపించడం, స్థూలకాయం ఇందుకు కారణాలు. ఒక కాలు లేని పక్షి బరువంతా రెండవ కాలిపైనే మోపుతుంది. కనుక దాని మంచి కాలికే ఈ వ్యాధి త్వరగా సోకుతుంది. పుండుకు లేపనం వెదకడానికి ముందు ఆ ప్లాస్టిక్ కర్రను తీసివేయడమే నిదాన పరివర్జనం.

ఇల్లు ఎట్లా అమర్చవలెను?

ఎత్తైన పంజరం కంటికి అందంగా ఉంటుంది, కాని పట్టు లేని పక్షికి అది మృత్యుకూపం. పైనుండి పడితే రొమ్ము ఎముకపై చర్మం చిట్లుతుంది. కనుక ఎత్తు తక్కువగా, పొడవు ఎక్కువగా ఉండే పంజరం ఎన్నుకోవలెను. రెండు మూరల పొడవు, ఒక మూర వెడల్పు, ఒక మూర ఎత్తు ఉంటే చిన్న పక్షికి చాలును. ఊచల మధ్య సందు అర అంగుళాన్ని మించరాదు. అది ఎక్కి కూర్చునే అత్యున్నత స్థానం కూడ అడుగు నుండి జానెడుకు మించకుండా చూడవలెను.

అడుగున పాత నూలు పంచెను మూడు నాలుగు మడతలు వేసి పరచి, దానిపై తెల్ల కాగితం వేయవచ్చును. పోగులు పైకి తేలి ఉండే తుండుగుడ్డలు వాడరాదు, గోళ్ళు చిక్కుకొంటాయి. కాగితాన్ని ప్రతిదినం, గుడ్డను రెండు దినాలకొకసారి మార్చవలెను. పొట్టపై ప్రాకే పక్షి తన మలంలోనే తాను పడుకొనవలసి వస్తుందని మరువరాదు.

కాలి పట్టు లేని పక్షికి గుండ్రని కర్ర కంటె బల్లపరుపుగా ఉండే పలక సుఖం. అరచేయి వెడల్పు గల చెక్క ముక్కలను ఊచలకు బిగించి, వాటిపై నూలుగుడ్డ చుట్టవలెను. ఒక పలక నుండి మరొక పలకకు నిచ్చెనమెట్ల వలె కాక, ఏటవాలుగా ఒక చెక్కను అమర్చవలెను. చెక్క నునుపుగా ఉంటే జారుతుంది కనుక గరుకు గుడ్డ చుట్టడం మంచిది. పట్టు కొంత ఉన్న పక్షికి జామ లేక వేప కొమ్మలను, పురుగుమందు చల్లని చెట్టు నుండి కోసి, కడిగి, ఎండబెట్టి, వేర్వేరు లావులలో అమర్చవచ్చును. బెరడు తీయనక్కరలేదు. ఆ గరుకు కాలికి పట్టునిస్తుంది.

నీటి గిన్నె పక్షి పొట్ట ఎత్తును మించరాదు, లోతు వ్రేలి కణుపు కంటె తక్కువ ఉండవలెను. తల వాల్చిన పక్షి తిరిగి లేవలేక లోతైన గిన్నెలో మునిగిపోవచ్చును. గింజల గిన్నెలు, నీటి గిన్నెలు కనీసం రెండేసి చోట్ల ఉంచవలెను. ఒక మూల నుండి మరొక మూలకు ప్రాకడానికి శక్తి చాలని దినాన కూడ దానికి ఆకలి తీరవలెను.

చూపు లేని పక్షికి మరొక నియమం. దాని ఇంట్లో ఏ వస్తువునూ ఒకసారి పెట్టిన చోటు నుండి కదపరాదు. గిన్నె ఎక్కడ, పలక ఎక్కడ అన్నది అది కొద్ది దినాలలో జ్ఞాపకం పెట్టుకొంటుంది. చేయి పెట్టేముందు పేరు పెట్టి పిలవవలెను. మాట వినిపించకుండా తాకిన చేయి దానికి పిల్లి పంజా వంటిది.

పంజరాన్ని గోడకు ఆనించి, మన రొమ్ము ఎత్తున బల్లపై ఉంచవలెను. నేలపై పెడితే చీమలు, పిల్లులు, కాళ్ళ అలికిడి. మన పెద్దలు పాలు, పెరుగు పెట్టే బల్ల కాళ్ళ క్రింద నీటి గిన్నెలు పెట్టి చీమలను ఆపేవారు. ఆ ఉపాయం ఇక్కడ అక్షరాలా పనికివస్తుంది. లేవలేని పక్షికి చీమలు పట్టడం ఎంత నరకమో చెప్పనవసరం లేదు.

వేడి, చలి, గాలి

ఆరోగ్యవంతమైన పక్షి ఎండ తగిలితే నీడకు జరుగుతుంది. వికలాంగ పక్షి జరగలేదు. ఇది చాలమంది గమనించని సూక్ష్మం. వేసవిలో మన ప్రాంతాలలో 42 డిగ్రీలు దాటే దినాలు సామాన్యం. ఉదయం నీడ ఉన్నదని పెట్టిన పంజరం మధ్యాహ్నానికి ఎండలో ఉంటుంది. చలికాలంలో వెచ్చదనం కోసం 40 వాట్ల బల్బు పెట్టేవారు దానిని పంజరం వెలుపల, ఒక చివరన మాత్రమే ఉంచవలెను. రెండవ చివర చల్లగా ఉండవలెను, ఆ చివరకు పక్షి ప్రాకి వెళ్ళగలదో లేదో స్వయంగా చూసి నిర్ధారించుకొనవలెను. ఉదయపు లేత ఎండ అరగంట సేపు, సగం నీడతో, మంచిది. అద్దం కిటికీ గుండా వచ్చే ఎండ వలన డి విటమిన్ లభించదు.

పక్షికి ఊపిరితిత్తులతో పాటు గాలి సంచులు కూడ ఉన్నవి. మనం తట్టుకొనే పొగ దానిని కూల్చివేస్తుంది. సాంబ్రాణి ధూపం, అగరువత్తులు, దోమల చుట్టలు పక్షి ఉన్న గదిలో వెలిగించరాదు. అంటుకొనని పూత గల పెనం మాడితే వెలువడే వాయువు నిమిషాలలో పక్షిని చంపగలదు. ఎగరగలిగిన పక్షి కూడ దాని నుండి తప్పించుకొనలేదు. కనుక వంటిల్లు పక్షికి తగిన చోటు కాదు.

ఆహారం: మన ఇంట్లోనే ఉన్న మేలు

ఇక్కడ మాత్రం మన సంప్రదాయం ధారాళంగా సహాయపడుతుంది. విదేశీ పక్షుల మేతగా అట్టపెట్టెలలో అధిక ధరకు అమ్మే గింజల వెన్ను మరేదో కాదు, మన కొర్ర వెన్నే. కొర్రలు, వరిగలు, సామలు ఈ పక్షులకు ప్రీతి. అయితే కదలిక తక్కువైన పక్షికి గింజలు మితంగా ఉండవలెను, లేకపోతే కొవ్వు పెరిగి కాళ్ళపై భారం అధికమవుతుంది. నూనె అధికంగా ఉండే పొద్దుతిరుగుడు గింజలు అసలే తగ్గించవలెను. మునగాకు, కొత్తిమీర, తురిమిన క్యారెట్, మంచిగుమ్మడి ముక్క ప్రతిదినం కొంచెం ఇస్తే ఎ విటమిన్ లోపం రాదు.

మూలికల దుకాణంలో దొరికే సముద్రఫేనం మరొక వరం. ఇది నురుగు కాదు, ఒక సముద్రజీవి శరీరంలోని తేలికైన సున్నపు చిప్ప. పక్షులను పెంచేవారు ప్రపంచమంతటా పంజరాలలో వ్రేలాడదీసేది దీనినే. ఏ ఔషధాలూ కలపని పూర్తి ముక్కను తెచ్చి, నానబెట్టి కడిగి, ఎండబెట్టి, పక్షి ముక్కుకు అందే ఎత్తున కట్టవలెను. అది తనకు కావలసినంత గీరుకొని తింటుంది. మోతాదు నిర్ణయించే పని దానికే వదలవచ్చును.

నిత్య పరిచర్య

వారానికొకసారి ఉదయం మేతకు ముందు, గ్రాములలో చూపే వంటింటి త్రాసుపై తూచి బరువు వ్రాసుకొనవలెను. 35 గ్రాముల పక్షి మూడు నాలుగు గ్రాములు తగ్గితే, అది బరువులో పదవ వంతు. వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళవలసిన సూచన అది. మలద్వారం వద్ద ఈకలకు మలం అంటుకొంటే గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో మెత్తబరచి తీసి, వెంటనే ఆరబెట్టవలెను. కొమ్మపై నడవని పక్షికి గోళ్ళు అరగవు కనుక అవి పెరిగి వంకరపోతాయి. మొదటిసారి వైద్యునిచే కత్తిరింపించి, చూసి నేర్చుకొనడం మేలు.

పట్టుకొనే విధానం మరీ ముఖ్యం. మనవలె పక్షికి ఉదరవితానం లేదు. రొమ్ము ఎముక ముందుకు, వెనుకకు కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది. ప్రేమతో గుప్పిట బిగించినా అది ఉక్కిరిబిక్కిరై చనిపోగలదు. వ్రేళ్ళతో మెడకు రెండు వైపులా వదులుగా ఆధారమిచ్చి, రొమ్మును నొక్కకుండా పట్టుకొనవలెను.

తోడు కోసం ఆరోగ్యవంతమైన పక్షిని అదే పంజరంలో పెట్టేముందు ఆలోచించవలెను. బలహీనమైన దానిని మేతకు రానీయకుండా పొడిచే పక్షులు ఉన్నవి. ప్రక్కప్రక్క పంజరాలలో ఉంచితే తోడూ దక్కుతుంది, రక్షణా ఉంటుంది.

కొన్ని ఆక్షేపణలు

"ఇంత శ్రమ ఎందుకు, విడిచిపెడితే పోదా?" అనేవారు ఉన్నారు. ఎగరలేని పెంపుడు పక్షిని పెరట్లో విడిచిపెట్టడం స్వేచ్ఛనివ్వడం కాదు, కాకులకు అప్పగించడం. "అది దాని ప్రారబ్ధం" అనేవారికి నా సమాధానం ఒకటే. విశ్రాంతి ఇవ్వక ఈతవెంట ఈత పిల్లలను లేపించి, తల్లికి సున్నపుధాతువు అందించక, నున్నని పెట్టెలో పెంచినది మనుష్యుడు. ఆ కర్మలో సింహభాగం మనదే. అందువలన అందమైన జత కోసం అంగడికి వెళ్ళేవారు ఒకటికి రెండుసార్లు ఆలోచించవలెనని, ఇప్పటికే ఇంట ఉన్న అవిటి పక్షిని వదిలించుకొనరాదని నా అభిప్రాయం. తీరని బాధతో, తిండి మానిన పక్షి విషయంలో ఏది దయ అన్నది పశువైద్యునితో కలిసి నిర్ణయించుకొనవలెను.

చట్టం విషయం కూడ తెలిసి ఉండవలెను. రామచిలుక, మైన, మునియా వంటి మన దేశపు పక్షులను పట్టడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రెక్క విరిగిన రామచిలుక దొరికితే ప్రథమ రక్షణ కల్పించి అటవీశాఖకు అప్పగించవలెను. విదేశీ పక్షులలో కూడ అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో ఉన్నవాటిని 2022 చట్టసవరణ అనంతరం నమోదు చేయించుకొనవలసి ఉన్నది. బడ్జెరిగార్, కాకటీల్ ఆ జాబితాలో లేవు.

ఇప్పుడు మా ఇంట మరొక బడ్జెరిగార్ ఉన్నది. దీనికీ కాళ్ళు చెరొక ప్రక్కకే. దుకాణదారు ఎవరూ కొనరని ఊరకే ఇచ్చివేశాడు. నాలుగు సంవత్సరాలైనది. దాని కాళ్ళకు నేను ఇంతవరకు ఏ మందూ పూయలేదు. ఉదయం గుడ్డ తొలగించగానే ముక్కుతో ఏటవాలు చెక్కను పట్టుకొని, పొట్టపై జరుగుతూ, జానెడు ఎత్తున ఉన్న పలక మీదికి చేరి, కిటికీ వైపు తిరిగి కూర్చుంటుంది. ఆ జానెడు ప్రయాణానికి దానికి రెండు నిమిషాలు పడుతుంది. ఎవరి సాయమూ అడగదు.

మన ఇళ్ళలో వృద్ధులకు కాళ్ళు పట్టు తప్పినప్పుడు ఏమి చేస్తాము? స్నానాల గదిలో కమ్మీ బిగిస్తాము, గడప తగ్గిస్తాము, మంచినీళ్ళ చెంబు చేతికందేలా పెడతాము. తైలమర్దన ఆ తరువాతి సంగతి. పక్షికి చేయవలసినదీ అంతే. దాని దేహాన్ని మన ఇంటికి తగినట్లు మార్చడానికి ప్రయత్నించక, మన ఇంటిలో ఒక మూలను దాని దేహానికి తగినట్లు మార్చుదాము. పాఠక గృహాలలో ఇటువంటి పక్షి ఉంటే, ఈ రాత్రి దీపం ఆర్పేముందు ఒక్కసారి పంజరం అడుగున చేయి పెట్టి చూడండి. అక్కడ మెత్తగా ఉన్నదా? పొడిగా ఉన్నదా? నీరు అందుతున్నదా? చికిత్స అక్కడ నుండే ఆరంభమవుతుంది.